ముక్కుపుడక రాయి

హెడ్డింగు చూసి ఇదేదో నగల టపా అనుకుని వచ్చినవాళ్ళు క్షమించాలి. ఇది పాటల గురించి. అందులోనూ కాస్త చిలిపి పాటల గురించి. మా అమ్మమ్మ గురించి కూడా. చిలిపి పాటలూ, అమ్మమ్మా ఒకే టపాలో ఏంటి అని మీకు ఇబ్బందిగా అనిపిస్తోందా? పాతికేళ్ళ పైచిలుకు క్రితం నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. ఆ ఇబ్బంది వల్ల నేనేం పోగొట్టుకున్నానో చెప్పుకోవడానికే ఈ సోదంతా.

2005 చలికాలం, న్యూజెర్సీ. నా కారు మొరాయించి షెడ్డుకెళ్ళింది. మా టీములో ఒక పెద్దాయన వారం రోజుల పాటు నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. అరవై దాటిన మెయిన్‌ఫ్రేమ్ మనిషి. కోబాల్ తర్వాత వచ్చినవన్నీ ఫ్యాషన్లే అని ఆయన గట్టి నమ్మకం. కార్లో ఎప్పుడూ పాత జాజ్ పాటలే. నాకేమో అప్పటిదాకా జాజ్ అంటే లిఫ్టులో వినపడే సంగీతం. మర్యాదకి తల ఊపుతూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు పెగ్గీ లీ పాడిన 'ఫీవర్' వచ్చింది. 1958 నాటి రికార్డు. ఆ పాట అంతకు రెండేళ్ళ ముందే లిటిల్ విల్లీ జాన్ పాడాడు. కానీ ఈవిడ పాడాక అది ఈవిడదే అయిపోయింది. అందులో పెద్దగా వాయిద్యాలేమీ ఉండవు. ఒక బేస్, కాసిని డ్రమ్స్, వేళ్ళతో వేసే చిటికెలు. అంతే. ఆవిడ గొంతు పెంచదు, గమకాలు చూపించదు. లైను చివర ఆగుతుంది. ఆ ఆగిన చోట మనం ఏదో ఊహించుకుంటాం. ఊహించుకున్నాక మనకే సిగ్గేస్తుంది. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు తర్వాతి లైనుకి వెళ్ళిపోతుంది.

"మా అమ్మకి ఈ పాటంటే ప్రాణం. మేం పిల్లలం గదిలోకి రాగానే రేడియో కట్టేసేది" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

నేనేమీ మాట్లాడలేదు. ఎందుకంటే అలా ఆగడం నేను అంతకు ముందే విన్నాను. న్యూజెర్సీలో కాదు. అవనిగడ్డ దగ్గర ఒక పెరట్లో, ఒకావిడ గోంగూర వలుస్తుండగా.

మా అమ్మమ్మ పుట్టిల్లు బందరు. (మచిలీపట్నం అని బోర్డుల మీద ఉంటుంది కానీ మా వాళ్ళెవరూ ఆ మాట అనరు.) వాళ్ళ ఇంటి పక్క వాటాలో ఒక ముసలావిడ ఉండేదట. అమ్మమ్మ ఆవిణ్ణి 'మామ్మగారు' అనే అనేది. మిగతావాళ్ళు ఏమనేవాళ్ళో ఊహించుకోవచ్చు, ఎందుకంటే ఆవిడ కళావంతులావిడ. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో మేజువాణీలకి పాడి, ఆ రోజులు పోయాక తలుపేసుకుని బతుకుతున్న మనిషి. పదేళ్ళ పిల్లకి త్యాగరాజ కీర్తనలు నేర్పిస్తానంటే ఇంట్లో వాళ్ళు సరేనన్నారు. కీర్తనలూ నేర్పింది. ఎవరూ లేనప్పుడు మధ్యమధ్యలో పదాలూ, జావళీలూ కూడా నేర్పింది.

ఇప్పటి పిల్లల కోసం చిన్న వివరణ. పదం అంటే నింపాదిగా సాగే శృంగార గీతం. నాయిక తన మనసులో మాట చెలితోనో, నేరుగా వాడితోనో చెప్పుకుంటుంది. జావళి దానికి తర్వాతి తరం చెల్లెలు. పందొమ్మిదో శతాబ్దంలో బాగా పుంజుకుంది. నడక చురుకు, మాట కొంటె.

పెళ్ళయ్యి అమ్మమ్మ దివిసీమ వచ్చింది. పాటలు రాసుకున్న నోటు పుస్తకం ట్రంకు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుంది. ఆ పెట్టె 1977 నవంబరు 19 దాకా ఉంది. ఆ రాత్రి ఉప్పెన సంగతి మీలో ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మా వాళ్ళు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మేడ ఎక్కి బతికారు. అంతమంది మనుషులే పోయిన చోట నోటు పుస్తకం గురించి ఎవరు ఏడుస్తారు? అమ్మమ్మ కూడా ఏడవలేదు. తలలో మిగిలినవి మిగిలాయి.

1998 సంక్రాంతికి వెళ్ళాను. నాకప్పుడు ఇరవై నాలుగు. వీసా స్టాంపింగ్ అయిపోయింది, నెలాఖర్లో ప్రయాణం. గుడివాడలో బస్సెక్కితే పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటుకుంటూ అవనిగడ్డ. మా నాన్న కొనిచ్చిన ప్యానసోనిక్ టేప్ రికార్డరూ, నాలుగు ఖాళీ కేసెట్లూ సంచిలో ఉన్నాయి. అమ్మమ్మ పాటలు అమెరికా పట్టుకెళ్ళాలని నా ప్లాను.

పెరట్లో పీట వేసుకుని గోంగూర వలుస్తోంది. "ఏదైనా పాడు అమ్మమ్మా" అన్నాను. అటూ ఇటూ చూసింది. గొంతు సవరించుకోకుండానే మొదలుపెట్టింది.

పాటలో సంగతి ఇదీ. నాయిక ముక్కుపుడకలో రాయి రాలిపోయింది. వెతికి పెట్టవే అని చెలిని బతిమాలుతోంది. నూతి గట్టున చూడు అంటుంది. అక్కడ లేదు. పూజగదిలో చూడు అంటుంది. అక్కడ ఎందుకుంటుంది, నేనివాళ పూజే చెయ్యలేదుగా అని తనే అంటుంది. అలా ప్రతి చరణంలోనూ ఒక చోటు చెప్పడం, మళ్ళీ తనే కాదనడం. రాయి ఎక్కడ పడిందో ఆవిడకి తెలుసు. చెలికీ తెలుసు. వినేవాళ్ళకి కూడా మెల్లిగా తెలుస్తుంటుంది. పేరు మాత్రం ఎవరూ చెప్పరు. ప్రతి చోటు పేరుకీ ముందు అమ్మమ్మ ఒక్క క్షణం ఆగేది. ఆగి, గోంగూర కాడ ఒకటి తుంచేది. తర్వాత చెప్పేది.

రెండో చరణం మధ్యలో పెద్దమావయ్య పెరట్లోకొచ్చాడు. అమ్మమ్మ ఆగలేదు. శ్రుతి మారలేదు, తాళం తప్పలేదు. జావళి కాస్తా అదే ఊపులో రామదాసు కీర్తనగా మారిపోయింది. మావయ్య రెండు నిమిషాలు నిలబడి విని, "చూశావురా, ఈ వయసులో కూడా ఎంత భక్తో" అని నాతో అని వెళ్ళిపోయాడు. అమ్మమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను వర్ణించలేను. డెబ్భై దాటిన మనిషి కళ్ళలో పదహారేళ్ళ పిల్ల నవ్వింది, అంతే.

అప్పటికి నేను టేప్ రికార్డర్ ఇంకా సంచిలోంచి తియ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అమ్మమ్మ తనే పిలిచింది. "నీ మిషనేదో తీసుకురారా అబ్బాయ్, నిన్నటిది మొత్తం పాడతాను. రాయి ఎక్కడ దొరికిందో వినొద్దూ?"

రికార్డు, ప్లే రెండు మీటలూ కలిపి నొక్కాను. ఇంతలో ఏదో అయింది నాకు. ఈ కేసెట్ రేపు అమెరికాలో రూమ్మేట్లు వింటారు. ఎప్పుడో నా పెళ్ళామో, పిల్లలో వింటారు. ఈవిడ మా అమ్మమ్మ. తెల్లచీర కట్టుకుని తులసికోట చుట్టూ తిరిగే మనిషి. ఈవిడ గొంతులో ఆ పాటా?

"వద్దులే అమ్మమ్మా, ఏదన్నా భజన పాడు" అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. సరేనని భజన పాడింది. బాగానే పాడింది. 2004లో ఆవిడ పోయింది. నా దగ్గర ఇప్పటికీ ఉన్నది ఆ భజనే.

బ్యాకప్ లేని టేబుల్ మీద డిలీట్ కొట్టినవాడి గుండెలో పడే రాయి మీకందరికీ తెలుసు. నాది డిలీట్ కూడా కాదు. డేటా వచ్చి గుమ్మం ముందు నిలబడితే తలుపేసినవాణ్ణి. పైగా ఆ సంగతి తెలియడానికి నాకు ఏడేళ్ళూ, పెగ్గీ లీ పాటా కావాల్సొచ్చాయి.

ఆ తర్వాత పాత అమెరికన్ పాటల పిచ్చి పట్టింది. ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో పాడిన కోల్ పోర్టర్ పాటల ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందులో 1928 నాటి పాట ఒకటుంది. పక్షులూ, పురుగులూ, దేశదేశాల మనుషులూ అందరి పేర్లూ చెప్పి, వీళ్ళంతా 'అది' చేస్తారు, మనమూ చేద్దాం అంటుంది. 'అది' అంటే ఏంటయ్యా అంటే, ప్రేమలో పడడమే, మీరేమనుకున్నారు అని అమాయకంగా మొహం పెడుతుంది. ఎర్తా కిట్ 1953లో క్రిస్మస్ తాతని నగలూ, కార్లూ అడుగుతూ పాడిన పాట వినండి. పైకి పిల్లల పాట. గొంతు వింటే పిల్లల పాట కాదని తెలుస్తుంది.

వీటిని వింటున్నకొద్దీ అర్థమైంది ఏంటంటే, చిలిపి పాటలో సగం ప్రోగ్రామే పాడేవాళ్ళ దగ్గర ఉంటుంది. మిగతా సగం మన బుర్రలో రన్ అవుతుంది. అందుకే అది కాగితం మీద చదివితే ఏమీ ఉండదు. క్షేత్రయ్య పదాలని అచ్చులో చదివి ఇందులో ఏముందని పెదవి విరిచేవాళ్ళూ, ఛీ బూతు అనేవాళ్ళూ ఇద్దరూ చేస్తున్న తప్పు ఒకటే. ఆ ఆగడాన్ని వాళ్ళు వినలేదు.

క్షేత్రయ్య అన్నాను కదా. 2011లో ఇండియా వెళ్ళినప్పుడు ఆ అవనిగడ్డ దారిలోనే కూచిపూడి దగ్గర కారు ఆపించి మొవ్వ వెళ్ళాను. చిన్నప్పట్నించీ ఎన్నో సార్లు ఆ ఊరి పక్కనుంచే పోయాను, ఒక్కసారీ దిగలేదు. వేణుగోపాలస్వామి గుడి. ఆయన పదాల్లోని 'మువ్వగోపాలుడు' ఈయనే అని మా జిల్లా వాళ్ళ వాదన. కాదు వేరే ఊరు అనేవాళ్ళూ ఉన్నారు కానీ మా దగ్గర ఆ మాట అనకండి. పదిహేడో శతాబ్దంలో ఆ పదాలు తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువు దాకా వెళ్ళాయి. నాలుగు వేల పైన రాశాడని ప్రతీతి. ఇప్పుడు దొరికేవి నాలుగు వందల లోపే. వాటిలో ఆడది మాట్లాడుతుంది. అలుగుతుంది, ఎద్దేవా చేస్తుంది, బేరం ఆడుతుంది, దేవుణ్ణి గుమ్మం బయట నిలబెడుతుంది. 1994లో రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ వాటిని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు దేవుడే విటుడైతే అన్న అర్థమొచ్చేలా ఆ పుస్తకానికి పేరు పెట్టారు.

ఆ పదాలని కాపాడింది మొవ్వ వాళ్ళు కాదు, బందరు వాళ్ళూ కాదు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటి ఆడవాళ్ళు. బృంద, ముక్త, నాట్యంలో బాలసరస్వతి. ఆ వృత్తి కుటుంబంలో పుట్టినవాళ్ళు, ఆ పాట సిగ్గుపడాల్సింది కాదని నమ్మినవాళ్ళు.

మరి మన వైపు ఏమైంది? 1862లో బందరులో పుట్టి, అక్కడి నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు మేజువాణీలకి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమమే నడిపారు. క్షేత్రయ్యా, వెంకటరత్నం నాయుడుగారూ ఒకే కృష్ణా జిల్లా మనుషులు కావడం నాకు తమాషాగా ఉంటుంది. నాయుడుగారిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఊహ తెలియని పిల్లల్ని గుళ్ళకి అంకితం చేసే పద్ధతి పోవాల్సిందే. 1947 మద్రాసు చట్టం దాన్ని నిషేధించింది, మంచిదే. కానీ నీళ్ళతో పాటు బిందె కూడా పారబోశాం. వ్యవస్థ పోవాలన్నాం. దానితో పాటు పాడే మనిషి తలుపేసుకుంది, పాట గోడ పక్కన గుసగుసగా మిగిలింది.

ఇంకో తమాషా చూడండి. అదే రోజుల్లో కూచిపూడి భాగవతులు ఊరూరా భామాకలాపం ఆడుతూనే ఉన్నారు. సత్యభామ వయ్యారం, అలక, మొగుడి పేరు నోటితో చెప్పడానికి సిగ్గుపడుతూ మెలికలు తిరిగే ఘట్టం. ఊరంతా పిల్లాజెల్లాతో కూర్చుని చూసేవాళ్ళు. సత్యభామ వేషం వేసేది మగవాళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసి ఆడవాళ్ళు నడక నేర్చుకోవాలనేవాళ్ళు. గొప్ప కళ, నాకేం అనుమానం లేదు. కానీ మగవాడు ఆడవేషం వేసుకుని చేస్తే పుణ్యం, ఆడది ఆడదానిగా పాడితే పాపం. ఈ లాజిక్‌లో బగ్ ఎక్కడుందో వెతకడానికి డీబగ్గర్ అక్కర్లేదు.

సినిమా వాళ్ళు కాస్త నయం. 1953 'దేవదాసు'లో చంద్రముఖి నాట్యానికి క్షేత్రయ్య పదమే పెట్టారు. రావు బాలసరస్వతీదేవి పాడారు. ఇక 1957 'మాయాబజార్'లో పడవ పాట తలుచుకోండి. రాసింది బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావు. పాడింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల, తోడు లీల. పడవలో నాగేశ్వరరావుది గుడివాడ దగ్గరి రామాపురం, రామారావుది పామర్రు దగ్గరి నిమ్మకూరు. మా డెల్టా అంతా ఒక పడవెక్కింది. ముందు కుర్ర జంట. పెద్దవాళ్ళు వస్తున్నారనగానే వాళ్ళు జారుకుంటారు, కృష్ణుడూ రుక్మిణీ ఆ పడవెక్కి అదే పాట అందుకుంటారు. ఆఖరికి బలరాముడి జంట కూడా ఎక్కుతుంది. ఎవరు చూస్తున్నారో దాన్ని బట్టి పాడే జంట మారుతుంది, పాట మాత్రం ఆగదు. ఆ సీను చూసినప్పుడల్లా నాకు పెద్దమావయ్యా, రామదాసు కీర్తనా గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటాను.

"ఆ రోజుల్లో ఎంత సభ్యంగా ఉండేవండీ పాటలు, ఇప్పుడంతా బూతే" అని మీలో కొందరు కామెంటడానికి రెడీ అవుతున్నారని తెలుసు. నేనంటున్నది అది కాదు. 1973లో 'దేవుడు చేసిన మనుషులు'లో ఆరుద్ర రాసి, రమేష్ నాయుడు బాణీ కట్టి, ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన క్లబ్ పాట ఒకటుంది. అప్పట్లో పెద్దమనుషులు దాన్ని కూడా బూతు అనే అన్నారు. ఇప్పుడు వినండి. ఆ గొంతులో ఊపిరి పీల్చడం, నవ్వు మింగడం, మాట జార్చడం, అన్నీ ఆవిడ చేతిలో ఉన్నాయి. ఆట ఆవిడది, మనం ఆడుతున్నాం.

నా మటుకు నాకు తేడా అక్కడే కనపడుతుంది. ఎంత చెప్పారన్నది కాదు, పగ్గం ఎవరి చేతిలో ఉందన్నది. పదంలో నాయిక చేతిలో ఉంది. 'ఫీవర్'లో పెగ్గీ లీ చేతిలో ఉంది. రాసింది మగవాళ్ళైనా, పాడిన ఆడవాళ్ళు దాన్ని తమ సొంతం చేసుకున్నారు. ఆ పగ్గం లేనప్పుడు ఎంత సంస్కృత సమాసాలతో రాసినా అది బూతే.

అలాగని ఇది అంత తేలిక లెక్కా కాదు. ఫ్రాంక్ లోసర్ తన భార్యతో కలిసి పార్టీల్లో పాడుకోవడానికి 1944లో రాసుకున్న యుగళగీతం ఒకటుంది. బయట చలిగా ఉంది, ఇప్పుడు వెళ్ళకు అని అతను బతిమాలడం, ఆవిడ వెళ్ళాలి అంటూనే ఉండిపోవడం. 1949లో సినిమాలో వచ్చి ఆస్కార్ కొట్టింది. 2018లో కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వెయ్యడం మానేశాయి, ఆవిడ వద్దంటున్నా వినట్లేదు అని. ఉండిపోవాలని ఉన్నా ఆ మాట నేరుగా అనలేని కాలంలో ఆవిడ సాకులు వెతుక్కుంటోంది అని ఇంకొందరి వాదన. నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనపడింది. చెప్పకుండా చెప్పే పాటకి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వినేవాడు మారితే అర్థం మారిపోతుంది.

అందుకే నన్ను నేను పూర్తిగా తిట్టుకోలేను కూడా. ఆ రోజు నాకు వినే చెవి లేదు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బందరులో మామ్మగారి చేత తలుపు వేయించింది ఉద్యమాలూ, చట్టాలూ అనుకుంటాం. అమ్మమ్మ నోటు పుస్తకం ఉప్పెన పట్టుకుపోయింది. వాటన్నిటినీ తట్టుకుని ఆ పాట అరవై ఏళ్ళు ఆవిడ గొంతులో బతికి నా దాకా వచ్చింది. ఆఖరి తలుపు వేసింది నేను. చదువుకున్నవాణ్ణి, అమెరికా వెళ్తున్నవాణ్ణి, ఆవిడ మీద ప్రేమ ఉన్నవాణ్ణి. అమ్మమ్మకి పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆవిడ అడిగిందా? ఆవిడ జీవితంలో ఆవిడ సొంతానికి మిగిలిన నవ్వు అదొక్కటే. దాన్ని నాకు ఇద్దామనుకుంది.

కిందటేడు ఆ కేసెట్‌ని డిజిటల్‌లోకి మార్పించాను. భజన అయిపోయాక నేను రికార్డర్ వెంటనే ఆపలేదని అప్పుడు తెలిసింది. కొన్ని సెకన్లు ఉంది. దూరంగా నూతి గిలక చప్పుడు. తర్వాత అమ్మమ్మ గొంతు. "అయిందా? ఇహ నీ రాయి నువ్వే వెతుక్కో." చిన్న నవ్వు. టక్.

ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. పదాలు, జావళీల పుస్తకాలు దొరికినవన్నీ తిరగేశాను, తెలిసిన సంగీతం వాళ్ళని అడిగాను. మా అమ్మాయికి చెప్తే, "అంత వెతకడం ఎందుకు నాన్నా, ఎక్కడ దొరికిందో తెలుస్తూనే ఉందిగా" అని నవ్వేసింది. పదహారేళ్ళు దానికి. అచ్చం ఆ చూపే.

తా.క.: మీ ఇళ్ళల్లో పాటలు పాడే పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోండి. ఏం పాడాలో వాళ్ళనే నిర్ణయించుకోనివ్వండి. మొహమాటం వేస్తే తల దించుకుని గోంగూర వలవండి. "వద్దులే" అని మాత్రం అనకండి.